'మనకి రాదులే' అన్న మాట వెనక: విశాఖలో కోవిడ్ చర్చపై ఒక విమర్శ

కోవిడ్ మీద 2020, 2021 సంవత్సరాల్లో తెలుగులో జరిగిన చర్చ అంతా ఇంతా కాదు. సంపాదకీయ పేజీలు, టీవీ స్టూడియోలు, డాక్టర్ల ప్రకటనలు, మంత్రుల ప్రెస్‌మీట్లు, స్వాముల ప్రవచనాలు, ఫోన్లలో చక్కర్లు కొట్టిన మెసేజులు... ఒకే విషయం మీద ఇంతమంది ఇన్ని రోజులు మాట్లాడిన సందర్భం ఈ మధ్యకాలంలో మరొకటి లేదేమో. ఆ చర్చలో రెండు పక్షాలున్నట్టు కనబడతాయి. లాక్‌డౌన్ కావాలనేవాళ్లు, ఎత్తేయాలనేవాళ్లు. టీకా వేసుకోమనేవాళ్లు, వద్దనేవాళ్లు. ప్రాణం ముందనేవాళ్లు, బతుకుతెరువు ముందనేవాళ్లు. ఇప్పుడు తీరిగ్గా వెనక్కి తిరిగి చదువుతుంటే మాకు తట్టేదేమంటే, వీళ్ల మధ్య తగాదా ఎంతున్నా ఒక్క విషయంలో పూర్తి ఏకాభిప్రాయం ఉంది. ఇద్దరి మాటల్లోనూ 'ప్రజలు' ఉన్నారు. ఆ ప్రజలకి కులం లేదు.

కులం లేని ప్రజలు ఈ దేశంలో ఎక్కడున్నారో మాకు తెలీదు. విశాఖపట్నంలో మాత్రం లేరు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చి ఆధునిక నగరం అనిపించుకున్న ఈ పట్నంలో రోడ్లు ఊడ్చే పని, కాల్వలు తీసే పని, చెత్త ఎత్తే పని తరతరాలుగా రెల్లి కులస్తుల నెత్తిమీదే ఉంది. రెల్లివీధి అంటే ఎక్కడ, ఎవరుంటారు అని విశాఖలో ఎవర్నీ అడగక్కర్లేదు. లాక్‌డౌన్‌లో నగరమంతా తలుపులేసుకున్న రోజుల్లో కూడా పొద్దున్నే చీపురు పట్టుకుని రోడ్డుమీదకొచ్చింది వీళ్లే. 2020 మార్చి 22న బాల్కనీల్లోంచి చప్పట్లు వీళ్లకీ కొట్టారు. బాల్కనీ ఉన్నవాడు చప్పట్లు కొట్టాడు, రోడ్డుమీద ఉన్నవాడు విన్నాడు. చర్చలో ఎవరు మాట్లాడేవాళ్లు, ఎవరు వినేవాళ్లు అన్నది ఆ రోజే తేలిపోయింది.

చర్చలో వాడిన మాటల్ని పట్టుకుని చూద్దాం. మనమీద పడ్డ మొదటి మాట 'సామాజిక దూరం'. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చి నెలలోనే మాట మార్చుకుని 'భౌతిక దూరం' అనడం మొదలుపెట్టింది. మనవాళ్ల నోట్లో, గోడలమీద, కాలర్ ట్యూన్లలో 'సామాజిక దూరం' చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఎందుకు పోలేదంటే అది మన సమాజానికి కొత్తగా నేర్పాల్సిన మాట కాదు గనక. ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి, "మన పెద్దలు మడి, ఆచారం ఊరికే పెట్టలేదు, అందులో సైన్సుంది" అన్నారు. కాళ్లు కడుక్కుని ఇంట్లోకి రావడం, ఒకరి ఎంగిలి ఒకరు ముట్టకపోవడం, చేతులు కలపకుండా నమస్కారం పెట్టడం అన్నీ కరోనాతో రుజువైపోయాయట!

దీనికి జవాబు చెప్పడం అనవసరం అనుకునే మిత్రులున్నారు. మేం అలా అనుకోవడం లేదు. ఈ వాదన చదువుకున్నవాళ్ల ఇళ్లల్లో, యూనివర్సిటీ క్వార్టర్స్‌లో కూడా నడిచింది. అంటురోగం ఎవరికి సోకితే వాళ్లని, కులం చూడకుండా, పద్నాలుగు రోజులు దూరం పెట్టమంటుంది వైద్యం. అంటరానితనం రోగం లేని మనిషిని పుట్టుకతో దూరం పెడుతుంది, దానికి గడువు లేదు. దగ్గుతున్న పైకులం మనిషి వాడలోకి వస్తే మైలపడేది అతనే తప్ప వాడ కాదు. ఇందులో సూక్ష్మజీవి ఎక్కడుంది? పైగా ఈసారి రోగం వాడల్లోంచి పుట్టి ఊళ్లోకి రాలేదు. విమానం ఎక్కి వచ్చింది. అయినా నింద మోసింది ఎవరు? ఢిల్లీ నిజాముద్దీన్ పేరు చెప్పి ముస్లింలు మోశారు. కాలనీ గేట్ల దగ్గర పనిమనుషులు మోశారు. శవం ముట్టడానికి భయపడి, 2020 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక మనిషి శవాన్ని జేసీబీ తొట్టెలో వేసి తీసికెళ్లారు. మడిలో ఉన్న సైన్సు ఇదేనా?

సైన్సు కావాలంటే 1897 నాటి పూణే చూడండి. ప్లేగు వచ్చి ఊళ్లకి ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు సావిత్రీబాయి ఫూలే, ముంఢ్వా శివారు మహర్ వాడలో జబ్బుపడ్డ పిల్లవాణ్ణి వీపున వేసుకుని దవాఖానాకి మోసుకొచ్చింది. ఆ ప్లేగే సోకి మార్చి 10న చనిపోయింది. అంటురోగం ముందు అంటు పాటించని మనిషి ఆమె. కరోనా రోజుల్లో మడి గొప్పతనం రాసిన కలాలకి ఈ పేరు గుర్తురాలేదు.

ఇక రెండో మాట 'రోగనిరోధక శక్తి'. దీని దగ్గర మేం కాస్త ఎక్కువసేపు ఆగుతాం, ఎందుకంటే ఇక్కడ మనవాళ్లు కూడా మోసపోయారు.

"మనకేటి కరోనా? ఎండలో పని సేసినోలికి రాదులే" అన్న మాట 2020 ఎండాకాలంలో ఉత్తరాంధ్ర వాడల్లో వినని వాళ్లు లేరు. అందులో ఒక గర్వం ఉంది. ఏసీ గదుల్లో కూచునే వాడికంటే గంజి తాగి మూటలు మోసే నా ఒళ్లే గట్టిది అన్న గర్వం. ఎప్పుడూ తక్కువ చూపు చూడబడ్డ మనిషి తన శరీరం గురించి చెప్పుకున్న ఆ మాటను మేం ఎగతాళి చెయ్యలేం. కానీ అదే మాట చదువుకున్నవాళ్ల నోట్లో పడేసరికి అర్థం మారిపోయింది. "శ్రమజీవులకి సహజంగానే ఇమ్యూనిటీ ఉంటుంది, వాళ్లని పనిలోకి రానివ్వండి" అనే సిద్ధాంతం అయ్యింది. మనవాడు గర్వంగా అన్నది, వాళ్లకి సౌకర్యంగా మారింది. వాడికి రాదు గనక మాస్కు అక్కర్లేదు, గ్లౌజు అక్కర్లేదు, సెలవు అసలే అక్కర్లేదు.

నిజంగా రాలేదా? 2020 జూలైలో ముంబయిలో మూడు వార్డుల్లో రక్తపరీక్షలు చేస్తే, మురికివాడల్లో 57 శాతం మందిలో, మిగతా ఇళ్లల్లో 16 శాతం మందిలో యాంటీబాడీలు కనబడ్డాయి. చాలా పత్రికలు దీన్ని మురికివాడలు ఇమ్యూనిటీ సాధించాయన్నట్టు రాశాయి. మా దృష్టిలో ఆ అంకెకి ఒకటే అర్థం. అక్కడ రోగం మూడున్నర రెట్లు ఎక్కువ తిరిగింది. యాంటీబాడీ ఉందంటే రోగం రాలేదని కాదు, వచ్చి పోయిందని. మన రాష్ట్రంలో 2020 ఆగస్టు, సెప్టెంబర్‌లలో చేసిన సర్వేలో సుమారు 20 శాతం మందికి అప్పటికే సోకిందని తేలింది. ఆ నాటికి అధికారికంగా లెక్కకెక్కిన కేసులు జనాభాలో సుమారు ఒక శాతం. అంటే ఇరవైమందికి వస్తే ఒక్కరే రోగిగా గుర్తింపు పొందారు. మిగతా పంతొమ్మిదిమందీ 'రాదులే' ఖాతాలోకి పోయారు. 2021 జూన్, జూలైలో ఐసీఎంఆర్ చేసిన నాలుగో సర్వేలో దేశం మొత్తం మీద 67.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం వచ్చింది. రెండో వేవ్ శ్మశానాల్లో చోటు లేకుండా చేసిన తర్వాతి అంకె ఇది. ఈ సర్వేలన్నీ బతికున్నవాళ్ల రక్తం తీసి చేసినవి. చచ్చిపోయినవాళ్ల రక్తం ఎవరూ తియ్యరు.

ఈ వాదనకి అంతర్జాతీయ రూపం కూడా ఉంది. 2020 అక్టోబర్‌లో అమెరికాలో గ్రేట్ బారింగ్టన్ డిక్లరేషన్ అని ఒకటి వచ్చింది. హార్వర్డ్, ఆక్స్‌ఫర్డ్, స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు రాసింది. ముప్పు తక్కువున్నవాళ్లు మామూలుగా తిరగాలి, సోకితే సోకుతుంది, దాంతో 'మంద ఇమ్యూనిటీ' వస్తుంది, ఈలోగా ముసలివాళ్లని విడిగా కాపాడుకోవాలి అన్నది దాని సారాంశం. మన దగ్గర ఆంక్షలు ఎత్తేయాలన్నవాళ్లలో కొందరు దాన్ని ప్రమాణంగా చూపించారు. విడిగా అంటే ఎక్కడ? ఒక్క గది ఇంట్లో తల్లిని ఏ మూల విడిగా పెడతాడు గాజువాక కూలీ? ఆ కాగితం రాసినవాళ్లకి ఇంట్లో రెండో గది ఉండటం అనేది ప్రకృతి సహజం. ఇక 'మంద' అన్న మాట. మందలో కొన్ని పోతాయి, మంద మిగులుతుంది. పోయేవి ఏవో ముందే తెలిసిన సమాజంలో ఈ సిద్ధాంతం ఎవరికి నచ్చుతుందో చెప్పక్కర్లేదు.

రోగం వస్తుంది, మాస్కు కావాలి అని గట్టిగా అన్న దళితుడికి ఏమైంది? నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు కె. సుధాకర్ 2020 ఏప్రిల్ మొదట్లో, డాక్టర్లకి మాస్కులు, పీపీఈ కిట్లు చాలడం లేదు, ఒకే మాస్కు పదిహేను రోజులు వాడమంటున్నారు అని విలేకరుల ముందు చెప్పాడు. రెండు మూడు రోజుల్లో సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ అక్కయ్యపాలెం దగ్గర హైవే మీద ఆయన్ని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాళ్లతో కట్టి ఆటోలో పడేసిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశాడని పోలీసులన్నారు. అక్కడినుంచి మానసిక వైద్యశాలకి పంపారు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మే 21న, ఆ ఆదేశానికి ఏడాది నిండడానికి ఒక్కరోజు ముందు, గుండె ఆగి ఆయన చనిపోయాడు.

వర్గదృష్టి మిత్రులు మాతో ఎప్పుడూ అంటారు, ఇది పేదల సమస్య, కులాన్ని ఎందుకు తెస్తారు అని. వాళ్లకి ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తాం. సుధాకర్ పేదవాడు కాదు. ప్రభుత్వ డాక్టరు. ఆ రోజు రోడ్డుమీదకి కారులో వచ్చాడు. డిగ్రీ, జీతం, కారు మూడూ కలిసి కూడా ఆ తాడుకి అడ్డం రాలేకపోయాయి. చీరాలలో 2020 జూలై 18న మాస్కు లేదని పోలీసులు ఆపిన దళిత యువకుడు నాలుగు రోజుల తర్వాత గుంటూరు ఆస్పత్రిలో చనిపోయాడు. కొట్టి చంపారని కుటుంబం అంది, జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. 1985 జూలై 17న కారంచేడులో చంపుడు పడ్డ మాదిగలు పారిపోయి వచ్చి చేరింది ఈ చీరాలకే. మాస్కు అడిగిన దళితుడికీ శిక్ష పడింది, మాస్కు పెట్టుకోని దళితుడికీ శిక్ష పడింది. 'ఆంక్షలు ఉండాలా, ఎత్తాలా' అన్న చర్చలో మేం ఏ పక్షం అని అడిగితే ఏం చెప్పమంటారు?

అసలు ఆంక్షలు అందరికీ ఒకేలా లేవు, సడలింపులూ లేవు. కేంద్రం 2020 మార్చి 24న ఇచ్చిన ఉత్తర్వుల్లోనే ఆపకుండా నడవాల్సిన పరిశ్రమలకి మినహాయింపు ఉంది. కోక్ ఓవెన్లు ఆర్పడానికి లేదు గనక ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడికి లాక్‌డౌన్ లేదు. పోర్టులో ఓడ ఆగడానికి లేదు గనక అక్కడా లేదు. గుజరాత్ వేరావల్‌లో చిక్కుకుపోయిన నాలుగు వేలమందికి పైగా ఉత్తరాంధ్ర మత్స్యకారులకి మాత్రం నెలకి పైగా లాక్‌డౌనే లాక్‌డౌను. మే 4న సడలింపుల్లో మొదట తెరుచుకున్న వాటిలో మద్యం షాపులున్నాయి. విశాఖ జిల్లాలో ఆ క్యూలు సరిచెయ్యడానికి ప్రభుత్వ టీచర్లకి డ్యూటీలు వేశారు. బడులు ఎప్పుడు తెరవాలన్న చర్చ ఇంకా మొదలవకముందే బడిపంతులు బ్రాందీ షాపు దగ్గర డ్యూటీలో ఉన్నాడు.

మూడు రోజుల తర్వాత, మే 7 తెల్లవారుజామున, గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బైటికొచ్చింది. పన్నెండుమంది చనిపోయారు. నిద్రలో లేచి పరిగెత్తినవాళ్లు రోడ్లమీద పడిపోయారు. లాక్‌డౌన్‌లో ట్యాంకులో నిల్వ ఉండిపోయిన స్టైరీన్ వేడెక్కింది, దాన్ని అదుపులో ఉంచే రసాయనం చాలినంత లేదు, చల్లబరిచే ఏర్పాటు సరిగా నడవలేదు అని ప్రభుత్వం వేసిన కమిటీయే తర్వాత తేల్చింది. సరైన పర్యావరణ అనుమతి లేకుండా నడిచామని ఆ కంపెనీ ఏడాది ముందే రాసిచ్చుకుంది కూడా. లాక్‌డౌన్ తర్వాత ఫ్యాక్టరీలు తెరిచేటప్పుడు మొదటి వారాన్ని ట్రయల్‌గా చూడాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఎప్పుడు? మే 9న. పన్నెండు శవాలు లేచిన రెండు రోజులకి. సడలింపు మీద రాసిన వ్యాసాలు మేం చాలా చదివాం. అన్నిట్లోనూ వ్యాపారం ఉంది, జీడీపీ ఉంది, గోడ పక్కన ఎవరి ఇళ్లున్నాయన్న సంగతి మాత్రం లేదు.

టీకా దగ్గరికొద్దాం. టీకా మీద చర్చను సైన్సుకీ మూఢనమ్మకానికీ పోరుగా చూపించారు. ఇది సగం నిజం. 2021 జనవరి 16న టీకా మొదలైనప్పుడు మధ్యతరగతి ఏమందో గుర్తుచేసుకోండి. ముందు మంత్రులు వేసుకోవాలి, మూడో దశ ఫలితాలు రాకుండా కోవాగ్జిన్‌కి అనుమతి ఎలా ఇస్తారు, కొన్నాళ్లు చూద్దాం అని. అనుమతి మీద ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ 'కొన్నాళ్లు చూడటం' ఎవరి ఒంటిమీద? మొదటి వరసలో ఆస్పత్రి ఆయాలు, ఆశా కార్యకర్తలు, ఫిబ్రవరిలో మున్సిపల్ పారిశుధ్య కార్మికులు. జనవరిలో గుంటూరులో ఒక ఆశా కార్యకర్త టీకా తర్వాత కొద్దిరోజులకే చనిపోతే సాటివాళ్లు భయపడ్డారు. ఆ భయానికి 'సంకోచం' అని పేరుపెట్టి కౌన్సెలింగ్ చేశారు. ప్రొఫెసర్ వాయిదా వేసుకుంటే వివేకం, స్వీపరు వాయిదా వేసుకుంటే అజ్ఞానం.

ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చేసరికి కథ తిరగబడింది. అందరికీ టీకా కావాలి, టీకా లేదు. అప్పుడు వరస మారింది. మే 1 నుంచి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు కోవిన్‌లో ముందుగా నమోదు చేసుకోవాలి, అది ఇంగ్లీషులో ఉంది. తెలుగు జూన్‌లో గాని రాలేదు. చదువు లేనివాళ్లు, నెట్ లేనివాళ్లు ఎలా నమోదు చేసుకుంటారని సుప్రీంకోర్టు ఏప్రిల్ 30న అడగాల్సొచ్చింది. సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన, రోగిని డోలీలో మొయ్యాల్సిన విశాఖ ఏజెన్సీకి ఈ స్లాట్ బుకింగ్ ఏమిటో కోర్టుకి తట్టింది గాని ప్రభుత్వానికి తట్టలేదు. ప్రైవేటు ఆస్పత్రిలో కోవిషీల్డ్ 780, కోవాగ్జిన్ 1,410 రూపాయలు. నలుగురున్న ఇంటికి కోవాగ్జిన్ ఒక్క డోసే 5,640. టీకా మీద భయం ఉన్నప్పుడు మనవాళ్లు ముందు వరస, టీకాకి గిరాకీ ఉన్నప్పుడు మనవాళ్లు వెనక వరస.

భయానికి చరిత్ర లేదా? 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అంటూ హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో గిరిజన, దళిత హాస్టల్ పిల్లలు ఎందరో. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తర్వాత చనిపోయిన పిల్లల చావులకి టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. కావచ్చు. మా ప్రశ్న టీకా మంచిదా చెడ్డదా అని కాదు. ఆ బిడ్డ చెయ్యి ఎవరిది, సంతకం ఎవరిది?

అయితే ఇక్కడ మనలో కొందరితోనూ తగాదా పెట్టుకోవాలి. ఈ చరిత్ర చూపించి, టీకానే అగ్రకుల కార్పొరేట్ కుట్ర అన్నవాళ్లున్నారు. అది ఆత్మహత్య. టీకా వేసుకున్నవాళ్లలో చావులు బాగా తగ్గాయి, ఇది ప్రపంచమంతా తేలిన సంగతి. పంచిన తీరు కుట్రలా ఉంటే పంచిన తీరు మీద కొట్లాడాలి, మందు మీద కాదు. గుమ్మంలోకి తెచ్చి ఉచితంగా ఇస్తే మన జనం పారిపోలేదు కూడా. వార్డు సచివాలయాలు, ఆశాలు, ఏఎన్ఎంలు తిరిగి పిలిస్తే 2021 జూన్ 20న ఒక్కరోజే రాష్ట్రంలో 13 లక్షలకి పైగా డోసులు పడ్డాయి. నెలముందు కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం ఎగబడ్డవాళ్లని చూసి పల్లెటూరి మౌఢ్యం అని రాసిన పత్రికలు, ఆ క్యూలో నిలబడ్డ కార్లని లెక్కపెట్టలేదు.

ఇదే ఏప్రిల్‌లో, 22వ తేదీన, దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏడు ట్యాంకర్లతో విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి మహారాష్ట్రకి బయల్దేరింది. కన్వర్టర్లలోకి ఊదాల్సిన ఆక్సిజన్ మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోయింది. అప్పటికి మూడు నెలల కింద, జనవరి 27న, ఆ ఫ్యాక్టరీని నూటికి నూరుపాళ్లు అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం నడుస్తుండగానే ఆక్సిజన్ రైలు కదిలింది. దీనిమీద పత్రికలు బాగానే రాశాయి, ఆంధ్రుల హక్కు అని. ఆంధ్రుల్లో ఎవరి హక్కు? ప్రభుత్వరంగంలో ఉన్నంతకాలమే రోస్టరు, ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్. ప్రైవేటు గేటు దగ్గర అది ఆగిపోతుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు సంబరపడ్డ నాయకుల్లో ఒక్కరి నోటా రిజర్వేషన్ మాట మేం వినలేదు. భూములిచ్చి ఆర్-కార్డు పట్టుకుని ముసలివాళ్లైపోయిన నిర్వాసితుల మాట అసలే వినలేదు.

చివరిగా లెక్క గురించి. కోవిన్‌లో వయసు ఉంది, ఆడా మగా ఉంది, జిల్లా ఉంది. కులం గడి లేదు. ఐసీఎంఆర్ సర్వేలు ఊరు, పట్నం అని విడదీశాయి, ఊరు, వాడ అని విడదియ్యలేదు. అమెరికాలో, బ్రిటన్‌లో మరణాల్ని జాతి వారీగా లెక్కకట్టి ప్రకటించారు. నల్లవాళ్లు ఎక్కువ చస్తున్నారని ప్రభుత్వ అంకెలతోనే అక్కడివాళ్లు నిలదీయగలిగారు. మన దగ్గర నిలదీద్దామంటే అంకే లేదు. రిజర్వేషన్ సీటు దగ్గర మూడు సర్టిఫికెట్లు అడిగే రాజ్యం చావు దగ్గర కులం అడగదు. విశాఖలో ఎంతమంది పారిశుధ్య కార్మికులకి కోవిడ్ వచ్చింది, ఎంతమంది పోయారు, వాళ్లలో పర్మనెంటు ఎందరు, ఔట్‌సోర్సింగ్ ఎందరు, ఏ కుటుంబానికి ఎంత ముట్టింది? ఇది నగరపాలక సంస్థ వార్డులవారీగా ప్రకటించాల్సిన లెక్క. సమాచార హక్కు కింద అడగడానికి విద్యార్థి మిత్రులు ముందుకొస్తే దరఖాస్తు నమూనా మేం తయారుచేసి ఇస్తాం.

కోవిడ్ అయిపోయిందని అందరూ మర్చిపోయాక, 2023 డిసెంబర్ 26న, రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. పర్మనెంటు చెయ్యమని, సమాన పనికి సమాన జీతం ఇమ్మని. రెండువారాలు చెత్త ఎత్తలేదు. పత్రికలు వీధుల్లో పేరుకుపోయిన చెత్త ఫొటోలు వేసి ప్రజారోగ్యానికి ముప్పు అని శీర్షికలు పెట్టాయి.